పాఠశాల అంతటికీ ఒకే ప్రవర్తనా విధానం: నియమాల పట్టిక రాయడానికి ముందు ఏం చేయాలి?

ప్రశ్న: ఉన్నత పాఠశాల ఉపాధ్యాయురాలు

అందరికీ నమస్కారం. విద్యార్థుల ప్రవర్తనకు సంబంధించి పాఠశాల అంతటికీ వర్తించే విధానం ఒకటి తయారుచేయమని మా ప్రధానోపాధ్యాయులు నాకు అప్పగించారు. వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా అది సిద్ధం కావాలి. ఇటువంటి పని ఇంతకుముందు చేసినవారి సలహా కోరి రాస్తున్నాను.

మా దగ్గర నియమాలకు కొదవ లేదు. ప్రతి గదిలోనూ ముప్పైకి పైగా అంశాలున్న పట్టిక గోడకు అంటించి ఉంది. అందులో చాలామటుకు 'చేయరాదు' అనే మాటతోనే ముగుస్తాయి. అసలు ఇబ్బంది అమలులో ఉంది. సెల్‌ఫోన్ బయటికి తీస్తే లాక్కుని సాయంత్రం దాకా ఇవ్వనివారు మొదటి పీరియడ్‌కు వెళ్తారు. చూసీ చూడనట్టు ఊరుకునేవారు రెండో పీరియడ్‌కు వెళ్తారు. దాని మీదే పావుగంట ఉపన్యసించేవారు మూడో పీరియడ్‌కు వెళ్తారు. ముగ్గురిదీ ఒకటే తరగతి. ఎవరి గదిలో ఏది చెల్లుతుందో పిల్లలు మా కంటే బాగా ఎరుగుదురు.

గొడవలు తరగతి గదుల్లో కంటే బయటే ఎక్కువ. పీరియడ్ మారేటప్పుడు వరండాల్లో తోపులాట, భోజన విరామం అయ్యాక గదుల్లోకి రావడంలో ఆలస్యం, మరుగుదొడ్ల దగ్గర చిన్న తరగతుల పిల్లలను పెద్దవాళ్లు ఆటపట్టించడం వంటివి రోజూ జరుగుతూనే ఉంటాయి. పెద్ద నేరాలంటూ ఏమీ లేవు. అయినా సాయంత్రానికి అందరం సొమ్మసిల్లిపోతున్నాం, పాఠం నడిచే సమయమూ తరిగిపోతోంది.

ఇంకో చిక్కు సహోద్యోగులతో ఉంది. శిక్షలు కఠినం చేస్తే చాలునని కొందరు అంటున్నారు. పాయింట్లు, బహుమతులు పెడదామని ప్రధానోపాధ్యాయుల అభిప్రాయం. ఎవరి తరగతి వాళ్లు చూసుకుంటే సరిపోతుంది కదా, ఈ ఉమ్మడి తతంగం దేనికని మిగిలినవారి ప్రశ్న. వీళ్లందరినీ ఒక దారికి ఎలా తేవాలి? అసలు పని ఎక్కడ మొదలుపెట్టాలి? ఏ విధానం పెట్టినా మారని కొద్దిమంది పిల్లల విషయంలో ఏం చేయాలి? అనుభవం ఉన్నవారు కాస్త వివరంగా చెప్పగలరు.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

మేడమ్ గారూ, పట్టిక రాయడం ఈ పనిలో చివరి మెట్టు. దాన్నే మొదటి మెట్టుగా పెట్టుకున్న పాఠశాలల్లో ఇప్పుడు మీ గోడ మీద ఉన్న కాగితానికి తోడు ఇంకో కాగితం చేరుతుంది, అంతే.

'ఎవరి తరగతి వాళ్లు చూసుకుంటే సరిపోదా' అన్న మీ సహోద్యోగుల ప్రశ్నను తేలికగా తీసేయవద్దు. దానికి సమాధానం దొరికితేనే తక్కిన పని సాగుతుంది. మైకేల్ రట్టర్ అనే మనోవైద్య నిపుణుడు తన బృందంతో కలిసి లండన్ నగరంలోని 12 మాధ్యమిక పాఠశాలలను ఏళ్ల తరబడి పరిశీలించి, 1979లో ఫలితాలు ప్రకటించారు. ఎలాంటి ఇళ్ల నుంచి పిల్లలు వస్తున్నారన్న లెక్క తీసేశాక కూడా పాఠశాలకూ పాఠశాలకూ మధ్య ప్రవర్తనలో స్పష్టమైన తేడా మిగిలింది. క్రమశిక్షణ ప్రమాణాలను ఉపాధ్యాయులు ఎవరికి వారు తేల్చుకునే చోట కంటే, అందరూ కలిసి ఒక ప్రమాణాన్ని పాటించే చోట పరిస్థితి మెరుగ్గా ఉందని ఆయన గమనించినవాటిలో ఒకటి. ఇంగ్లండ్, వేల్స్ పాఠశాలల క్రమశిక్షణపై లార్డ్ ఎల్టన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1989లో ఇచ్చిన నివేదిక కూడా ఇటువంటి మాటే చెప్పింది. ఉపాధ్యాయులను అలిసిపోయేలా చేసేవి దాడులూ కొట్లాటలూ అని అంతకుముందు పత్రికలు హడావిడి చేశాయి. సంఘం చేయించిన సర్వేలో మాత్రం అవి అరుదని తేలింది. అడగకుండా మాట్లాడటం, పక్కవాళ్ల పనికి అడ్డుపడటం, అనవసరంగా లేచి తిరగడం వంటి చిల్లర విషయాలు రోజంతా ఆగకుండా జరుగుతుండటమే అసలు బాధగా బయటపడింది. మీరు వర్ణించిన పరిస్థితి అచ్చం ఇదే. చిల్లర విషయాలకు కఠిన శిక్షలు పనికిరావు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదురయ్యే ప్రతి పెద్దవారి నుంచీ ఒకే రకమైన స్పందన వస్తుండటమే వాటికి మందు.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నది. మొదట ఒక నెల పాటు ఏమీ మార్చకుండా రాసి ఉంచండి. ఏం జరిగింది, ఎక్కడ, ఎన్ని గంటలకు, దానికి ముందు ఏం జరుగుతోంది, పెద్దవారు ఏం చేశారు అన్నవి పట్టేంత చిన్న చీటీ చాలు. అరనిమిషంలో నింపగలిగేలా ఉండాలి, లేకపోతే మూడో రోజుకే ఎవరూ నింపరు. ఇందులో నేను పట్టుబట్టేది ఒక్కటే: విశేషణాలు రాయకూడదు. 'దురుసుగా ప్రవర్తించాడు' అని రాస్తే ఆ చీటీ పారేయడానికే పనికొస్తుంది. 'పుస్తకం తీయమని రెండోసారి అడిగినప్పుడు దాన్ని బల్ల మీదకు విసిరి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు' అని రాస్తే దానితో పని చేయవచ్చు.

చీటీలను నెలాఖరున పిల్లల పేర్ల ప్రకారం కాకుండా, చోటు ప్రకారం, వేళ ప్రకారం వేరు చేయండి. పేర్ల ప్రకారం వేరు చేయాలన్న తొందర అందరికీ ఉంటుంది, ఆపుకోవాలి. సగానికి సగం రెండు మూడు చోట్ల, రెండు మూడు వేళల్లో పోగుపడి కనిపిస్తాయి. ఉదాహరణకు భోజన విరామం ముగిసే వేళ తీసుకోండి. బెల్ కొట్టగానే అందరూ ఒకే మెట్ల దారి మీద పడతారు. పైఅంతస్తు తరగతులవాళ్లు ఎక్కుతుంటే, నీళ్లు తాగడానికి మరిచిపోయినవాళ్లు దిగుతుంటారు. నీళ్ల కుళాయి సరిగ్గా మెట్ల మొదట్లోనే ఉంటుంది. డ్యూటీ ఉన్న ఉపాధ్యాయుడు ఆట స్థలంలో ఆఖరి పిల్లవాడిని లోపలికి పంపిస్తూ ఉంటాడు కనుక మెట్ల దగ్గర పెద్దవారెవరూ ఉండరు. ఇక్కడ తోపులాట జరగకపోతేనే ఆశ్చర్యపోవాలి. రెండు బెల్లుల మధ్య వ్యవధి పెంచి, ఎక్కేవారికి ఒక దారి, దిగేవారికి ఇంకో దారి ఏర్పరచి, మెట్ల మలుపు దగ్గర ఒకరిని నిలబెడితే, ఎవరికీ శిక్ష వేయనక్కర లేకుండానే చీటీలు తగ్గుతాయి. సహోద్యోగులను ఒప్పించడానికి ఉపన్యాసాల కంటే ఇలాంటి ఒక్క మార్పు ఎక్కువ పని చేస్తుంది.

ఆ తరవాతే నియమాలు. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో 1990ల నుంచి జార్జ్ సుగాయ్, రాబర్ట్ హార్నర్ వంటివారు పెంపొందించిన సానుకూల ప్రవర్తనా విధానంలో పాఠశాల అంతటికీ మూడు నుంచి అయిదు అంచనాలకు (అంటే పిల్లల నుంచి బడి ఆశించే ప్రవర్తనలకు) మించి ఉండవు. అవీ చేయవలసిన పని రూపంలో ఉంటాయి. 'ఇతరులను గౌరవిద్దాం' అన్నది ఒక అంచనా అనుకోండి. వరండాలో దాని అర్థం ఎడమ పక్కన నడవడం, తరగతిలో దాని అర్థం ఒకరు మాట్లాడుతుంటే చివరిదాకా వినడం, మరుగుదొడ్ల దగ్గర వరసలో ముందున్నవారిని వెళ్లనివ్వడం. చోటుకొక అర్థాన్ని ఇలా రాసుకున్నాక, పిల్లలను ఆయా చోట్లకు తీసుకువెళ్లి, లెక్కలు నేర్పినట్టే చేయించి నేర్పాలి. మొదటి వారం నేర్పి ఊరుకుంటే చాలదు. ప్రతి దీర్ఘ సెలవు తరవాతా మళ్లీ నేర్పాలి. పదహారేళ్లవాళ్లకు ఇదంతా చిన్నపిల్లల వ్యవహారంలా అనిపిస్తుందని మీ సహోద్యోగులు అంటారు. ఆ మాటలో నిజం ఉంది కనుక పెద్ద తరగతులవారిని నేర్చుకునేవారి స్థానంలో కాకుండా ఆ అంచనాలను రాసేవారి స్థానంలో కూర్చోబెట్టండి.

ఉపాధ్యాయుల్లో కనీసం 80 శాతం మంది సమ్మతి లేనిదే మొదలుపెట్టవద్దని ఈ విధానం నడిపేవారు సాధారణంగా చెబుతారు. పాఠశాల అంతటా కుదురుకోవడానికి మూడు నుంచి అయిదేళ్లు పడుతుందనీ చెబుతారు. ఈ రెండో మాటను మీ ప్రధానోపాధ్యాయుల చెవిన ఇప్పుడే వేయడం మంచిది.

జవాబు: గణిత ఉపాధ్యాయుడు

పై జవాబులో పెద్దాయన చెప్పినదాన్ని కాదనను. అయితే తరగతి గదిలో నిలబడేవాడిగా ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ఉమ్మడి విధానాలు చాలాచోట్ల ఉపాధ్యాయుల వల్ల కాకుండా కార్యాలయం వల్ల కూలిపోతాయి.

ఒక విద్యార్థిని విధానం ప్రకారం రెండుసార్లు హెచ్చరించి, మూడోసారి కార్యాలయానికి పంపుతాం. అక్కడ అతనికి కూర్చోవడానికి కుర్చీ ఇస్తారు, రెండు మంచి మాటలు చెబుతారు, పీరియడ్ ఇంకా సగం ఉండగానే నవ్వుకుంటూ వెనక్కి వస్తాడు. ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పరు. తరగతిలో అందరూ నా ముఖమే చూస్తుంటారు. ఇది ఇంకోసారి జరిగితే ఏ ఉపాధ్యాయుడైనా విధానాన్ని పక్కన పెట్టి తన పాత పద్ధతికి వెళ్లిపోతాడు. అతన్ని తప్పు పట్టలేం.

కాబట్టి మేడమ్ గారు రాసే పత్రంలో ఉపాధ్యాయుల బాధ్యతల కంటే ముందు ప్రధానోపాధ్యాయుల బాధ్యతలు ఉండాలని నా సూచన. ఏది తరగతిలోనే తేల్చుకోవాలి, ఏది కార్యాలయానికి పంపాలి అన్న గీత స్పష్టంగా గీయాలి. రబ్బరు తేలేదనో, పక్కవాడితో మాట్లాడాడనో కార్యాలయానికి పంపితే అది ఉపాధ్యాయుడి లోపమే. కొట్లాటను గదిలోనే సర్దుకోమంటే అది కార్యాలయం లోపం. పంపిన ప్రతి విషయంలోనూ అదే రోజు బడి విడిచేలోగా ఏం నిర్ణయించారో ఉపాధ్యాయుడికి తెలియాలి. విద్యార్థి తిరిగి తరగతిలో కూర్చునే ముందు ఉపాధ్యాయుడూ విద్యార్థీ రెండు నిమిషాలైనా ఎదురెదురుగా మాట్లాడుకోవాలి, ఆ రెండు నిమిషాలు నా తరగతిని ఇంకెవరైనా చూడాలి. ఆ 'ఇంకెవరైనా' ఎవరో టైమ్‌టేబుల్‌లో పేరు రాసి ఉండకపోతే ఇది జరగదు.

చీటీల గురించి కూడా ఒక మాట. ఎక్కువ చీటీలు రాసిన ఉపాధ్యాయుడు చేతకానివాడన్న ముద్ర పడిందంటే ఆ మర్నాటి నుంచి చీటీలే ఉండవు, గొడవలు మాత్రం ఉంటాయి. ఆ లెక్కలను ఉపాధ్యాయుల పనితీరు అంచనాకు వాడబోమని స్టాఫ్ మీటింగ్‌లో అందరి ముందూ చెప్పి, మినిట్స్ పుస్తకంలో రాయించండి.

జవాబు: ప్రత్యేక విద్యా ఉపాధ్యాయురాలు

మేడమ్, మీ చివరి ప్రశ్న ఏ విధానం పెట్టినా మారని కొద్దిమంది గురించి. వారి గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను.

పైన ప్రస్తావించిన సానుకూల ప్రవర్తనా విధానంలో పిల్లలను మూడు అంచెలుగా ఆలోచిస్తారు. నేర్పడం, గుర్తుచేయడం, మెచ్చుకోవడం అన్నీ సవ్యంగా జరిగితే సుమారు 80 శాతం మందికి అంతకు మించి అవసరం ఉండదని, ఇంకో 15 శాతం మందికి అదనపు తోడ్పాటు, మిగిలిన 5 శాతం మందికి వ్యక్తిగత ప్రణాళిక కావాలని అంచనా. ఈ అంకెలు ప్రణాళిక వేసుకోవడానికి పనికివచ్చే కొలమానం మాత్రమే. మీ పాఠశాలలో సగం మందికి అదనపు తోడ్పాటు అవసరమనిపిస్తే, లోపం ఆ పిల్లల్లో కాకుండా మొదటి అంచెలో ఉందని అనుమానించండి.

మూడో అంచెలోని పిల్లవాడి విషయంలో 'ఏం చేశాడు' అన్నదాని కంటే 'దానివల్ల అతనికి ఏం దక్కింది' అన్న ప్రశ్న ఎక్కువ ఉపయోగపడుతుంది. చాలావరకు దక్కేవి రెండే: పదిమంది దృష్టి తన మీద పడటం, లేదా ఇష్టం లేని పని తప్పిపోవడం. గణితం మాస్టారు గారు చెప్పిన ఆ నవ్వుకుంటూ వచ్చిన విద్యార్థినే తీసుకోండి. అతనికి లెక్కలు రావనుకుందాం. బోర్డు దగ్గరికి పిలుస్తారన్న భయంతో అల్లరి చేశాడనుకుందాం. కార్యాలయానికి పంపగానే బోర్డు గండం గడిచింది. మనం శిక్ష అనుకున్నది అతనికి వరం. రేపు ఇంకాస్త ముందుగానే అల్లరి మొదలుపెడతాడు. అదే విద్యార్థి స్నేహితుల నవ్వు కోసమే ఆ పని చేసి ఉంటే పరిష్కారం పూర్తిగా వేరు. చీటీలో 'దానికి ముందు ఏం జరుగుతోంది' అన్న గడి ఎందుకు ఉండాలో ఇక్కడ తెలుస్తుంది. మీ చీటీల్లో ఒక పిల్లవాడి పేరు ఎప్పుడూ చదివే పని ఇచ్చినప్పుడే వస్తుంటే, ముందు అతనికి చదవడం వచ్చో లేదో, కళ్లు సరిగ్గా కనిపిస్తున్నాయో లేదో చూడాలి. ప్రవర్తన సమస్యలుగా నా దగ్గరికి వచ్చినవాటిలో వినికిడి లోపాలు కూడా ఉన్నాయి.

రెండో అంచెకు ఖర్చు లేని పద్ధతి ఒకటి బాగా పరీక్షకు నిలిచింది. విద్యార్థి పొద్దున్న బడికి రాగానే తనకు నచ్చిన ఒక పెద్దవారిని కలిసి ఆ రోజు కార్డు తీసుకుంటాడు. కార్డులో పీరియడ్‌కు ఒక గడి ఉంటుంది. ప్రతి ఉపాధ్యాయుడూ పీరియడ్ చివర సున్నా, ఒకటి, రెండు అన్న అంకెల్లో ఒకటి వేసి, కారణం ఒక్క మాటలో చెబుతాడు. సాయంత్రం అదే పెద్దవారికి కార్డు చూపించి, ఇంటికి తీసుకువెళ్లి సంతకం చేయించుకు వస్తాడు. పెద్దవారి పలకరింపు కోసం తపించే పిల్లలకు ఇది చక్కగా పని చేస్తుంది. పని తప్పించుకోవాలనుకునేవారికి అంతగా పని చేయదు. వారికి చదువులో సాయం కావాలి. పొద్దుటి పలకరింపు రెండు నిమిషాలే అయినా అది ఒక్కరోజు కూడా తప్పకూడదు కనుక, తరచు సెలవు పెట్టేవారికి ఈ బాధ్యత ఇవ్వవద్దు.

'ఒకే విధానం' అంటే అందరికీ ఒకే శిక్ష అని అర్థం చేసుకునేవారు ఉంటారు. ఆటిజం ఉన్న పిల్లవాడు బెల్ మోత భరించలేక చెవులు మూసుకుని గది బయటికి పరుగెత్తడమూ, ఇంకొకరు తరగతి ఎగ్గొట్టడమూ ఒకే గడిలో పడకూడదు. అంచనా అందరికీ ఒకటే ఉండవచ్చు, దాన్ని అందుకోవడానికి ఇచ్చే సాయం మాత్రం మనిషిని బట్టి మారుతుంది. తప్పు ఏదైనా మినహాయింపు లేకుండా బడి నుంచి సస్పెండ్ చేసే పద్ధతి అమెరికాలో 1990ల్లో విస్తరించింది. దాన్ని సమీక్షించిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నిపుణుల బృందం, దానివల్ల పాఠశాలలు మరింత భద్రంగా మారాయనడానికి ఆధారం లేదని 2008లో తేల్చింది. శిక్షలు కఠినం చేస్తే చాలునంటున్న మీ సహోద్యోగులకు దీన్ని మర్యాదగా చూపించండి. బడిలో క్రమశిక్షణ పిల్లల మానవ గౌరవానికి అనుగుణంగా ఉండాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 28వ అధికరణం చెబుతోంది. అవమానించే శిక్షలకు మీ పత్రంలో చోటు ఉండదన్న వాక్యాన్ని దాని ఆధారంగా మొదటి పేజీలోనే రాసుకోవచ్చు.

జవాబు: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు

పాయింట్లు, బహుమతుల గురించి కొద్దిగా. వాటిని పూర్తిగా కొట్టివేయనక్కర లేదు, అలాగని అన్నింటికీ పెట్టకూడదు. 1973లో మార్క్ లెప్పర్, ఆయన సహచరులు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలతో ఒక ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందుగా చెప్పిన పిల్లలు, ఆ తరవాత స్వేచ్ఛగా వదిలినప్పుడు బొమ్మలు వేయడం తగ్గించారు. చెప్పకుండా అనుకోకుండా బహుమతి అందుకున్నవారిలో ఆ తగ్గుదల కనిపించలేదు. తమంతట తాము ఇష్టంగా చేస్తున్న పనికి వెల కట్టవద్దన్నది నేను దీని నుంచి తీసుకున్న జాగ్రత్త.

మరోవైపు, 1969లో తొలిసారి ప్రచురితమైన సత్ప్రవర్తన ఆట అనే పద్ధతి ఉంది. తరగతిని రెండు జట్లుగా చేసి, తక్కువసార్లు నియమం తప్పిన జట్టుకు చిన్న వెసులుబాటు ఇస్తారు. రెండు జట్లూ హద్దులో ఉంటే రెండూ గెలుస్తాయి. నాలుగో తరగతి పిల్లలతో చేసిన ఆ మొదటి ప్రయత్నంలోనే అల్లరి బాగా తగ్గింది. కొన్ని నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవచ్చు. దీన్ని ఆడించేటప్పుడు ఒక్క విద్యార్థి వల్ల జట్టు మొత్తం ఓడిపోయే పరిస్థితి వస్తే, మిగిలినవారు విరామంలో అతని పని పడతారు. అటువంటి విద్యార్థిని విడిగా ఒక జట్టుగా లెక్కించండి.

మీ పెద్ద పిల్లలకు స్టిక్కర్లు, స్టార్లు నవ్వులాటగా ఉంటాయి. ఏం బాగుందో స్పష్టంగా చెప్పే ఒక్క వాక్యం, అదీ పదిమందిలో కాకుండా పక్కకు పిలిచి చెప్పింది, వాళ్లకు ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. చోటు ప్రకారం, వేళ ప్రకారం వేరు చేయమన్న సలహా వెంటనే పాటిస్తాను. మరుగుదొడ్ల దగ్గర జరిగేవాటికి డ్యూటీ చార్టులో ఎవరి పేరూ లేదని ఈ జవాబులు చదివాకే గమనించాను.

ఇంకో రెండు సందేహాలు. గొడవ పడిన ఇద్దరినీ కూర్చోబెట్టి, ఎవరికి ఏం నష్టం జరిగిందో మాట్లాడించి, సరిదిద్దుకునే మార్గం వాళ్లచేతే చెప్పించే సయోధ్య సమావేశాలను శిక్షల స్థానంలో పెట్టాలని మా కౌన్సెలర్ గట్టిగా కోరుతున్నారు. దానికి నిజంగా ఫలితం ఉంటుందా? అలాగే, ఇంట్లో ఒక పద్ధతి, బడిలో ఒక పద్ధతి ఉంటుందని తల్లిదండ్రులు ముందే ఫిర్యాదు చేస్తున్నారు. వారిని ఏ దశలో కలుపుకోవాలి?

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు

సయోధ్య సమావేశాలు మంచివే. అయితే వాటి గురించి చెప్పేవారు ఒక వైపే చెబుతుంటారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరంలో పాఠశాలలను లాటరీ పద్ధతిలో ఎంపిక చేసి ర్యాండ్ అనే పరిశోధన సంస్థ చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. సమావేశాల పద్ధతి ప్రవేశపెట్టిన పాఠశాలల్లో సస్పెన్షన్ రోజులు తగ్గాయి, పాఠశాల వాతావరణం మెరుగైందని ఉపాధ్యాయులు చెప్పారు. అదే సమయంలో 6 నుంచి 8 తరగతుల విద్యార్థుల చదువు ఫలితాలు మాత్రం దెబ్బతిన్నాయి. కారణమేమిటో ఎవరికి తోచింది వారు చెబుతారు గానీ, నాకు తోచిన జాగ్రత్త ఇది: సమావేశం జరిగేదాకా తరగతి ప్రశాంతంగా సాగడానికి వేరే ఏర్పాటు ఉండాలి, సమావేశం నడిపేవారికి శిక్షణ ఉండాలి. బలవంతుడు బలహీనుడిని ఏడిపించిన సందర్భంలో బాధితుడి సమ్మతి లేకుండా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టకూడదు. ఏడిపించినవాడికి అది ఇంకో అవకాశం అవుతుంది. కాబట్టి శిక్షల స్థానంలో కాకుండా శిక్షలతో పాటు, అదీ మొదట ఒకటి రెండు తరగతుల్లో మొదలుపెట్టమని మీ కౌన్సెలర్ గారికి చెప్పండి.

సానుకూల ప్రవర్తనా విధానం మొత్తానికి ఉన్న ఆధారం కూడా ఎంతవరకో తెలిసి ఉండటం మంచిది. మేరీల్యాండ్ రాష్ట్రంలోని 37 ప్రాథమిక పాఠశాలల్లో లాటరీ పద్ధతిలో జరిగిన పరిశీలనలో సస్పెన్షన్లు, కార్యాలయానికి పంపడాలు తగ్గాయని 2010లో ప్రకటించారు. అవి ప్రాథమిక పాఠశాలలు. పెద్ద తరగతుల్లో సబ్జెక్టుకు ఒక ఉపాధ్యాయుడు మారుతుంటాడు కనుక అదే ఫలితం రావడానికి శ్రమ ఎక్కువ పడుతుంది. మీ ప్రధానోపాధ్యాయులు మొదటి పరీక్షలకల్లా ఫలితం చూపమంటే ఈ తేడా చెప్పండి.

తల్లిదండ్రులను పత్రం పూర్తయ్యాక సంతకం కోసం పిలవడం కంటే, అంచనాలు రాసే దశలోనే కొందరిని కూర్చోబెట్టుకోవడం మేలు. ఇంట్లో పద్ధతి మార్చమని అడగవద్దు, ఆ అధికారం మనకు లేదు. బడిలో ఏ పనికి ఏ పర్యవసానం ఉంటుందో ముందుగా తెలియజేయడం, మంచి కబురుతో కూడా ఫోన్ చేయడం మన చేతిలో పనులు. మొదటి ఫోన్ ఫిర్యాదుతో వెళ్తే, తరవాతి ఫోన్లు ఎవరూ ఎత్తరు.

జవాబు: గణిత ఉపాధ్యాయుడు

ఒక చిన్న చేర్పు. ఏడాది మధ్యలో చేరేవారు, సెలవు మీద ఉన్నవారి బదులు తరగతికి వచ్చేవారు, కార్యాలయ సిబ్బంది, ఆటల మాస్టారు, గ్రంథాలయం చూసేవారు, శుభ్రం చేసేవారు కూడా పిల్లలకు రోజూ ఎదురుపడే పెద్దవాళ్లే. విధానం చర్చించే సమావేశానికి వారిని కూడా పిలవండి. మరుగుదొడ్ల దగ్గర ఏ వేళలో ఏం జరుగుతుందో మనందరి కంటే శుభ్రం చేసేవారికే బాగా తెలుసు, వారికీ ఒక చీటీల కట్ట ఇవ్వండి. రాయడం రాకపోతే వారు చెప్పింది రాసుకునే పని క్లర్కుకు అప్పగించవచ్చు. బదులు వచ్చే ఉపాధ్యాయులకు హాజరు పట్టీ మొదటి పేజీకే ఒక కాగితం అంటించి ఉంచండి: ఆ తరగతి అంచనాలు, హెచ్చరికల వరస, కార్డు ఉన్న విద్యార్థుల వివరం, సాయం కావాలంటే ఏ గదికి కబురు పంపాలో. కార్డు ఉన్న విద్యార్థుల వివరం పిల్లల కంట పడకుండా పట్టీ లోపలి వైపు ఉండాలి.